ఇతర సంస్థ ట్రేడ్‌మార్క్‌ను మన సాఫ్ట్‌వేర్ పేరులో ఎంతవరకు వాడుకోవచ్చు?

గుంటూరు_మిర్చి

సభ్యులకు నమస్కారం. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన వెబ్‌సైట్‌ను దుకాణంగా మార్చే వూకామర్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఆన్‌లైన్ దుకాణం నడుపుకొనే చిన్న వ్యాపారుల కోసం, జీఎస్టీ వివరాలన్నింటితో బిల్లును తెలుగులో ముద్రించే ప్లగిన్ (అనుబంధ సాఫ్ట్‌వేర్) ఒకటి తయారుచేశాను. మా వైపు పచ్చళ్ళు, కారప్పొడులు, పిండివంటలు ఇతర రాష్ట్రాలకూ అమెరికాకూ పంపే ఇంటి వ్యాపారాలు చాలా ఉన్నాయి. వారిలో నాకు తెలిసిన పలువురు దుకాణాన్ని వూకామర్స్ మీదనే నడుపుతున్నారు. అందువల్ల "వూకామర్స్ తెలుగు బిల్లు" అని పేరు పెడితే వెతికేవారికి వెంటనే కనబడుతుందని నా ఆలోచన. అదే పేరుతో డొమైన్ కూడా కొనదలిచాను.

అయితే వూకామర్స్ అనేది ఆటోమాటిక్ సంస్థ చేతిలో ఉన్న ట్రేడ్‌మార్క్ అని, దాన్ని నా ఉత్పత్తి పేరులో చేర్చకూడదని ఒక మిత్రుడు అంటున్నారు. నా ప్లగిన్ వూకామర్స్ లేకుండా పనిచేయదు కదా, ఆ మాట ఎత్తకుండా అది దేనికోసమో కొనేవారికి ఎలా తెలియజేయాలి? చట్టం సంగతీ, ఆచరణ సంగతీ తెలిసినవారు వివరించగలరని మనవి.

పెన్నా_ఒడ్డు

గుంటూరు_మిర్చి గారూ, చట్టం దాకా పోకముందే మీకు ఎదురయ్యే గడప మరొకటి ఉంది. ప్లగిన్‌ను అందరూ దించుకునే వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ డైరెక్టరీలో ఉంచదలిస్తే అక్కడి మార్గదర్శకాల్లో 17వది చదవండి. మరొకరి ట్రేడ్‌మార్క్‌ను గానీ ప్రాజెక్టు పేరును గానీ స్లగ్‌లో, అంటే డైరెక్టరీ చిరునామాలో మీ ప్లగిన్‌ను గుర్తించే ముక్కలో, మొదటి మాటగా పెట్టడానికి వీలులేదని, ఆ సంస్థకు మీరు ప్రతినిధి అని రుజువు చేసుకుంటేనే అనుమతి ఉంటుందని అందులో స్పష్టంగా ఉంది. మీరు అనుకున్న పేరు సమీక్ష దశలోనే వెనక్కి వస్తుంది.

అదే నిబంధన దారి కూడా చూపుతుంది: మీ సొంత పేరు ముందు పెట్టి, ఆ తరువాత "ఫర్ వూకామర్స్" అని చేర్చుకోవచ్చు. "వూ" అనే ముక్కను మాత్రం తీసుకొని "వూబిల్లు" వంటి కొత్త మాట కూర్చే ఉపాయం కూడా అక్కడ చెల్లదు. ఇంకొక ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పైకి కనిపించే పేరును తరువాత మార్చుకోవచ్చు కానీ ఆమోదం పొందిన స్లగ్‌ను మార్చరు. కనుక పేరు తేల్చుకున్న తరువాతనే దరఖాస్తు చేయండి.

స్వేచ్ఛా_కోడు

నాకు ఈ వాదన మింగుడుపడడం లేదు. వూకామర్స్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కింద విడుదలైన సాఫ్ట్‌వేర్. దాని కోడ్‌ను ఎవరైనా మార్చి, అమ్మి, పంచవచ్చునని లైసెన్సే చెబుతున్నప్పుడు, ఆ కోడ్‌కు అనుబంధంగా రాసిన ప్లగిన్ దాని పేరు చెప్పుకోకూడదనడం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కోవడమే అవుతుంది.

తాళపత్రం

స్వేచ్ఛా_కోడు గారూ, కాపీరైట్ లైసెన్స్ కోడ్‌కు సంబంధించినది. ఆ కోడ్ ఏ పేరుతో, ఎవరి బాధ్యత మీద బయటికి వస్తుందన్నది ట్రేడ్‌మార్క్‌కు సంబంధించినది. జీపీఎల్ లాగే కోడ్‌ను పంచుకోనిచ్చే అపాచీ 2.0 లైసెన్స్‌లో ఆరవ విభాగం ట్రేడ్‌మార్క్‌లను వాడుకునే అనుమతి ఇవ్వడం లేదని నేరుగానే చెబుతుంది. జీపీఎల్ మూడవ సంచిక కూడా, ట్రేడ్‌మార్క్ హక్కులు ఇవ్వబోమనే షరతును చేర్చుకునే వెసులుబాటు రచయితకు ఇచ్చింది.

దీనికి పాత ఉదాహరణలు కావలసినన్ని ఉన్నాయి. 2006లో మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ లోగో లైసెన్స్, డెబియన్ అనే లినక్స్ పంపిణీ వారి నియమాలకు సరిపడలేదు. లోగో లేకుండా, తాము చూడని మార్పులతో ఆ పేరు వాడరాదని మొజిల్లా పట్టుబట్టింది. దానితో డెబియన్ అదే బ్రౌజర్‌ను "ఐస్‌వీసెల్" అనే పేరుతో పంచింది, 2016లో గానీ ఫైర్‌ఫాక్స్ పేరు అక్కడికి తిరిగి రాలేదు. ఆ ఫైర్‌ఫాక్స్ కూడా పుట్టినప్పుడు "ఫీనిక్స్", తరువాత "ఫైర్‌బర్డ్". మొదటి పేరుకు ఫీనిక్స్ టెక్నాలజీస్ అభ్యంతరం చెప్పింది, రెండవ పేరుతో అప్పటికే ఒక డేటాబేస్ ప్రాజెక్టు ఉంది. అలా 2004లో మూడవ పేరుకు చేరిన ప్రాజెక్టు అది.

నాకు అన్నిటికన్నా నచ్చినది సెంటోస్ కథ. లినక్స్‌ను అమ్మే రెడ్ హ్యాట్ సంస్థ విడుదల చేసిన సోర్స్ కోడ్ నుంచే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ తయారయ్యేది. 2005లో రెడ్ హ్యాట్ న్యాయవాదుల నుంచి ఉత్తరం వచ్చిన తరువాత సెంటోస్ వారు తమ సైట్‌లో ఆ పేరే ఎత్తకుండా, "ఉత్తర అమెరికాలోని ఒక ప్రముఖ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ విక్రేత" అని రాసుకున్నారు. భర్త పేరు చెప్పని పాతకాలపు ఇల్లాలిలా ఏళ్ళ తరబడి అలాగే నడిపారు. అంత జాగ్రత్త చట్టపరంగా అవసరమా అంటే కాదనే నా అభిప్రాయం. కానీ కోడ్ మీద పూర్తి హక్కు ఉన్నవారికి కూడా పేరు మీద హక్కు రాలేదన్నది గమనించాలి.

ఓరుగల్లు_వకీలు

చర్చ మంచి దారిలో ఉంది కనుక మన దేశపు చట్టం ఏమంటుందో కొంచెం విపులంగా రాస్తాను.

మనకు వర్తించేది 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం. అది 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. ఉల్లంఘన అంటే ఏమిటో 29వ సెక్షన్ చెబితే, ఏది ఉల్లంఘన కాదో 30వ సెక్షన్ చెబుతుంది. మీ ప్రశ్నకు నేరుగా తగిలేది 30(2)(డి). ఒక వస్తువు మరొక వస్తువుకు భాగంగానో అనుబంధంగానో ఇమిడేలా తయారైనప్పుడు, అలా ఇముడుతుందని సూచించడానికి ఆ రెండవ వస్తువు ట్రేడ్‌మార్క్‌ను వాడడం సమంజసమైన మేరకు అవసరమైతే, అది ఉల్లంఘన కాదు. అయితే ఆ వాడకం ఉద్దేశంలో గానీ ఫలితంలో గానీ, రెండు వ్యాపారాల మధ్య లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపకూడదు.

ఈ క్లాజును ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ మీద పరీక్షించిన తీర్పు ఒకటి ఉంది. హాకిన్స్ కుక్కర్స్, మురుగన్ ఎంటర్‌ప్రైజెస్ మధ్య నడిచిన ఆ కేసును 2012లో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మురుగన్ వారు తమ గాస్కెట్లను "మయూర్" అనే సొంత బ్రాండుతోనే అమ్మేవారు. ప్యాకెట్ మీద హాకిన్స్ ప్రెషర్ కుక్కర్లకు సరిపోతుందని ముద్రించేవారు. మిగతా మాటలు నల్ల అక్షరాల్లో ఉంటే హాకిన్స్ అన్న మాట ఒక్కటే ఎర్రగా, కొట్టొచ్చినట్టు ఉండేది. కేసును మొదట విన్న ఏకసభ్య న్యాయమూర్తి దీన్ని తప్పుపట్టలేదు. ధర్మాసనం మాత్రం, ఆ గాస్కెట్ హాకిన్స్‌కు మాత్రమే పనికివచ్చేలా తయారైనది కాదని, ఇతర కుక్కర్లకూ సరిపోతుందని, కాబట్టి ఒక్క హాకిన్స్ పేరే చెప్పడం సమంజసమైన అవసరం కాదని, ఆ అక్షరాల తీరు సంబంధం ఉన్నదన్న భావన కలిగిస్తుందని తేల్చి, ఏకసభ్య తీర్పును తిరగరాసింది.

గుంటూరు_మిర్చి

వకీలు గారూ, వివరణకు కృతజ్ఞతలు. ఆ తర్కం ప్రకారం నా పరిస్థితి మెరుగే కదా? ఆ గాస్కెట్ ఏ కుక్కర్‌కైనా పనికివస్తుంది. నా ప్లగిన్ వూకామర్స్ లేని చోట ఒక్క బిల్లు కూడా ముద్రించలేదు.

ఓరుగల్లు_వకీలు

అవసరం అన్న మొదటి పరీక్షలో మీరు సులభంగా గట్టెక్కుతారు. చిక్కు రెండవ పరీక్షలో ఉంది. "వూకామర్స్ తెలుగు బిల్లు" అన్న పేరు విన్నవారు దాన్ని వూకామర్స్ వారే తెలుగు వ్యాపారుల కోసం తెచ్చిన ఉత్పత్తిగా భావించే అవకాశం ఎక్కువ. అందులో మీదంటూ ఒక్క మాట లేదు: మొదటిది వారి బ్రాండు, మిగిలిన రెండూ సరుకును వర్ణించే మాటలు. కొనేవాడు మీ సరుకును గుర్తుపెట్టుకోవలసింది వారి పేరుతోనే అయినప్పుడు, ఆ పేరు పొందికను సూచిస్తోందని మీరు వాదించలేరు, అది మూలాన్నే సూచిస్తోంది. మీ సొంత మాట ఒకటి ముందు నిలబడి, వూకామర్స్ అన్నది "దేనికోసం" అన్న ప్రశ్నకు జవాబుగా వెనుక వస్తే, 30(2)(డి) మీ వైపు మాట్లాడుతుంది.

డాలస్_తెలుగు

మీ ప్లగిన్ కొనేవారిలో ఇక్కడి తెలుగువారు కూడా ఉండవచ్చు కనుక అమెరికా సంగతి చెబుతాను. ఇక్కడ దీన్ని నామినేటివ్ ఫెయిర్ యూజ్ అంటారు. 1992లో న్యూ కిడ్స్ ఆన్ ద బ్లాక్ అనే పాటల బృందం, తమ పేరుతో టెలిఫోన్ పోల్ నడిపిన రెండు పత్రికల మీద వేసిన దావాలో, పశ్చిమ రాష్ట్రాల అప్పీళ్ళు వినే తొమ్మిదవ సర్క్యూట్ ఫెడరల్ కోర్టు ఈ సూత్రాన్ని స్థిరపరిచింది. ట్రేడ్‌మార్క్ లేకుండా ఆ వస్తువును గుర్తించడం కష్టమై ఉండాలి, గుర్తించడానికి ఎంత అవసరమో అంతే వాడాలి, యజమాని ఆమోదం ఉందని తోపించే పని ఏదీ చేయకూడదు. ఆ కేసులో పత్రికలే గెలిచాయి.

డొమైన్ గురించి అడిగారు కాబట్టి 2010 నాటి టొయోటా, టబారి కేసు కూడా చూడండి. టొయోటా వారి లెక్సస్ కార్ల కొనుగోలుకు మధ్యవర్తులుగా ఉన్న దంపతులు "బై ఎ లెక్సస్" అనే మాటలతో డొమైన్ పెట్టుకున్నారు. కింది కోర్టు ఆ పేరు కలిసిన డొమైన్లన్నింటినీ నిషేధిస్తే, అదే తొమ్మిదవ సర్క్యూట్ ఆ నిషేధం మరీ విస్తృతమైనదని రద్దుచేసింది. ట్రేడ్‌మార్క్ ఒక్కటే డాట్ కామ్ ముందు ఉంటే అది యజమానిదేనని జనం అనుకుంటారు కానీ, చుట్టూ ఉన్న మాటలు అర్థాన్ని మార్చినప్పుడు అలా అనుకోరన్నది కోర్టు దృష్టి. వినియోగదారుడిని మరీ అమాయకుడిగా లెక్కకట్టకూడదన్న ఆ వైఖరి నాకు సబబుగా తోస్తుంది.

నిక్కచ్చి

డాలస్_తెలుగు గారు చెప్పినది కోర్టు గడప ఎక్కగలిగినవారి సంగతి. మనలాంటివారికి నోటీసు రావడమే శిక్ష. మైక్రోసాఫ్ట్ 2001లో, లిండోస్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే సంస్థ మీద దావా వేసింది. "విండోస్" అనేది సామాన్య పదం కాదా అన్న ప్రశ్నను కోర్టు తీవ్రంగానే తీసుకొని తాత్కాలిక నిషేధం ఇవ్వ నిరాకరించింది. చివరికి 2004లో మైక్రోసాఫ్టే సుమారు 2 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. అంటే తమ ట్రేడ్‌మార్క్ నిలుస్తుందో లేదో వారికే గట్టి నమ్మకం లేదన్నమాట. అయినా పేరు మార్చుకొని లిన్‌స్పైర్ కావలసివచ్చింది లిండోస్‌కే.

మీరందరూ పొగుడుతున్న వర్డ్‌ప్రెస్ నియమాలు కూడా రాతి మీద చెక్కినవి కావు. "డబ్ల్యూపీ" అన్న పొడి అక్షరాలు తమ ట్రేడ్‌మార్క్ పరిధిలో లేవని, ఎవరికి తోచినట్టు వారు వాడుకోవచ్చునని వర్డ్‌ప్రెస్ వారి ట్రేడ్‌మార్క్ విధాన పత్రంలో ఉండేది. 2024 సెప్టెంబరులో ఆటోమాటిక్‌కూ, వర్డ్‌ప్రెస్ సైట్లకు హోస్టింగ్ సేవ అందించే డబ్ల్యూపీ ఇంజిన్ సంస్థకూ చెడిన వేళ ఆ వాక్యం మారిపోయి, జనాన్ని తికమకపెట్టేలా వాడవద్దన్న మాటతో పాటు ఆ సంస్థ పేరే ఉదాహరణగా వచ్చి చేరింది. 2010 నుంచి అదే పేరుతో నడుస్తున్న సంస్థ అది. ఆ అక్టోబరులో డబ్ల్యూపీ ఇంజిన్ దావా వేయడం, డిసెంబరులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు దానికి అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడం జరిగాయి. ఇవాళ "ఫర్ వూకామర్స్" సరే అన్నవారు రేపు కాదంటే గుంటూరు_మిర్చి గారు ఏం చేస్తారు?

తాళపత్రం

నిక్కచ్చి గారి ఆందోళనలో న్యాయం ఉంది. విధాన పత్రాన్ని తగవు మధ్యలో మార్చడం నాకూ నచ్చలేదు. కానీ ట్రేడ్‌మార్క్ ఎప్పుడూ పెద్దవాడి చేతి కర్ర అన్నది సరికాదు. అమెజాన్ తన క్లౌడ్ సేవకు "అమెజాన్ ఎలాస్టిక్‌సెర్చ్ సర్వీస్" అని పేరు పెట్టినప్పుడు, అది తమతో కలిసి నడుపుతున్న సేవ అని జనం అనుకుంటున్నారని చెబుతూ ఎలాస్టిక్‌సెర్చ్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే ఎలాస్టిక్ అనే, అమెజాన్‌కన్నా ఎన్నో రెట్లు చిన్నదైన సంస్థ 2019లో దావా వేసింది. 2021లో అమెజాన్ ఆ సేవ పేరును ఓపెన్‌సెర్చ్‌గా మార్చింది, 2022లో రాజీ కుదిరింది. ఆ పేరు నిర్మాణం చూడండి: ముందు సొంత బ్రాండు ఉన్నా, తరువాత "కోసం" అన్న అర్థం లేకుండా రెండు పేర్లు పక్కపక్కనే కూర్చున్నాయి. సొంత పేరు ముందుంటే చాలునని అనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

స్వేచ్ఛా_కోడు

కోర్టు మాట అటుంచితే, వేదికలు భయపడి ముందే లొంగిపోవడం నా అసలు అభ్యంతరం. 2016 మార్చిలో, ప్రోగ్రామర్లు జావాస్క్రిప్ట్ కోడ్ ముక్కలను (ప్యాకేజీలను) పంచుకునే ఎన్‌పీఎం రిజిస్ట్రీలో ఒక ప్రోగ్రామర్ "కిక్" అనే పేరుతో పెట్టుకున్న ప్యాకేజీని, అదే పేరుగల మెసేజింగ్ సంస్థ అడిగిందని వారికి అప్పగించారు. కోపం వచ్చిన ఆయన తన ప్యాకేజీలన్నీ తొలగించుకున్నాడు. వాటిలో "లెఫ్ట్-ప్యాడ్" అనే 11 పంక్తుల ముక్క మీద ఆధారపడిన ప్రాజెక్టులు ప్రపంచమంతటా బిల్డ్ కాకుండా నిలిచిపోయాయి. ఆ ప్యాకేజీకీ మెసేజింగ్‌కూ ఏ సంబంధమూ లేదు. కోర్టులో అయితే సరుకు వేరు, రంగం వేరు అన్న వాదనకు చోటుండేది.

పెన్నా_ఒడ్డు

అందుకే చట్టానికీ వేదిక నియమానికీ తేడా చూడమంటున్నాను. చట్టంలో గెలవదగిన పేరు కూడా డైరెక్టరీలో నిలవకపోవచ్చు. ఒక్కో వేదికది ఒక్కో పద్ధతి. గూగుల్ తన బ్రాండ్ నియమాల్లో "ఆండ్రాయిడ్ మీడియాప్లేయర్" తప్పని, "మీడియాప్లేయర్ ఫర్ ఆండ్రాయిడ్" ఒప్పని ఉదాహరణతో సహా చెబుతుంది.

గుంటూరు_మిర్చి

ఇంకొక సందేహం. డైరెక్టరీ సంగతి పక్కన పెట్టి, నా సొంత సైట్‌లో మాత్రం పేరును పూర్తిగా తెలుగు లిపిలోనే రాసుకుంటే? వారు రిజిస్టర్ చేసుకున్నది ఆంగ్ల అక్షరాలను కదా.

ఓరుగల్లు_వకీలు

లిపి మారితే రక్షణ దొరకదు. 29వ సెక్షన్‌లోనే, మాటలతో కూడిన ట్రేడ్‌మార్క్‌ను నోటితో పలకడం ద్వారా కూడా ఉల్లంఘించవచ్చునని ఉంది. ఇక పోలిక విషయానికి వస్తే, "అమృతధార", "లక్ష్మణధార" అనే మందుల పేర్ల మీద 1962లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ దారిదీపమే. సామాన్యమైన తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న కొనుగోలుదారు ఆ పేర్లను ఎలా గుర్తుంచుకుంటాడన్నదే కొలమానమని, రెండు పేర్లనూ ముక్కలు చేసి అర్థాలు పోల్చి చూడకూడదని అందులో చెప్పారు. 2001లో కాడిలా అనే మందుల కంపెనీ కేసులో, మన దేశంలో కొనేవారిలో చాలామందికి ఆంగ్లం రాదన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలని అదే కోర్టు అన్నది. మీ పచ్చళ్ళ వ్యాపారి "వూకామర్స్" అని చెవితో విని, తెలుగులో చదివి గుర్తుపడతారు కనుక, తెలుగు లిపి మీ వాదనను బలహీనపరుస్తుందే తప్ప బలపరచదు.

అమృతధార కేసులో మరొక పార్శ్వం ఉంది. పోలిక ఉందని తేల్చినా, ఏళ్ళ తరబడి ఎదుటివారి వాడకం తెలిసీ ఊరుకున్నందువల్ల లక్ష్మణధారకు ఉత్తరప్రదేశ్ వరకు రిజిస్ట్రేషన్ నిలిచింది. ఇప్పటి చట్టంలో 33వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరైన మీ ట్రేడ్‌మార్క్ వాడకాన్ని తెలిసీ ఐదేళ్ళు వరుసగా సహించిన పాత యజమాని, మీరు దురుద్దేశంతో దరఖాస్తు చేసి ఉంటే తప్ప, ఆ తరువాత అభ్యంతరం చెప్పలేడు. నిక్కచ్చి గారు అడిగిన "రేపు కాదంటే" అన్నదానికి ఇది కొంత జవాబు, పూర్తి జవాబు మాత్రం కాదు.

నిక్కచ్చి

ఆధారం లేని నోటీసులు పంపేవారి మీద మనం ఏమీ చేయలేమా?

ఓరుగల్లు_వకీలు

142వ సెక్షన్ కింద, అకారణ బెదిరింపు మీద దావా వేసి, అది అన్యాయమని డిక్లరేషన్, నష్టపరిహారం కోరవచ్చు. నోటీసు ఇచ్చిన రిజిస్టర్డ్ యజమాని జాగు చేయకుండా ఉల్లంఘన దావా వేస్తే ఈ దారి మూసుకుపోతుంది. కాబట్టి ఎదుటివారు నోటీసులు పంపుతూ దావా మాత్రం వేయనప్పుడే దీనివల్ల ప్రయోజనం.

డాలస్_తెలుగు

లోగో గురించి ఎవరూ మాట్లాడలేదు. పొందికను సూచించడానికి మాట చాలు, బొమ్మ అక్కరలేదు. వూకామర్స్ ఊదారంగునూ అక్షరాల తీరునూ అనుకరిస్తే, ఇక్కడి మూడు షరతుల్లో రెండవదీ మూడవదీ ఒకేసారి తప్పినట్టే. పైగా లోగో మీద కాపీరైట్ వేరే ఉంటుంది. హాకిన్స్ తీర్పులోని ఎర్ర అక్షరాల సంగతి కూడా ఇదే చెబుతోంది.

గుంటూరు_మిర్చి

అందరి మాటలూ విన్న తరువాత "చిట్టా తెలుగు బిల్లు ఫర్ వూకామర్స్" అన్న పేరు మీద నిలిచాను. స్లగ్‌లో "చిట్టా" ముందు వస్తుంది. డొమైన్‌లో వారి పేరు పెట్టను. డాలస్_తెలుగు గారు చూపిన తీర్పు నాకు అనుకూలమే అయినా, అది అమెరికాలో ఒక సర్క్యూట్ మాట. మన దగ్గర దాని మీద ఆధారపడి ఖర్చు పెట్టుకునే స్తోమత నాకు లేదు. "చిట్టా"ను నా పేరున రిజిస్టర్ చేయించాలంటే ఎలా?

ఓరుగల్లు_వకీలు

అలాంటి పేరు ఇప్పటికే ఉందేమో, ముందుగా ట్రేడ్‌మార్క్‌లను రిజిస్టర్ చేసే ప్రభుత్వ శాఖ వారి ఐపీ ఇండియా సైట్‌లో ఉచితంగా వెతకండి. "చిట్టా" వంటి మాటను లెక్కల సాఫ్ట్‌వేర్‌కు పెడితే అది వర్ణనాత్మకమని రిజిస్ట్రార్ 9వ సెక్షన్ కింద అభ్యంతరం చెప్పవచ్చు. అంతకన్నా సరుకుతో సంబంధం లేని మాట దొరికితే మీకే బలం. సాఫ్ట్‌వేర్‌కు 9వ తరగతి, ఆన్‌లైన్ సేవగా ఇస్తే 42వ తరగతి వర్తిస్తాయి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. మన రెండు రాష్ట్రాలూ చెన్నైలోని ట్రేడ్‌మార్క్ కార్యాలయం పరిధిలోకి వస్తాయి. దరఖాస్తును ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రకటించిన తరువాత నాలుగు నెలల్లో ఎవరైనా వ్యతిరేకించవచ్చు. దరఖాస్తులో "ఫర్ వూకామర్స్" అన్న భాగాన్ని చేర్చకండి, మీ మాట ఒక్కదానికే అడగండి.

పెన్నా_ఒడ్డు

వివరణ పుటలో మొదటి పేరాలోనే, ఇది స్వతంత్రంగా తయారైన ప్లగిన్ అని, వూకామర్స్ ట్రేడ్‌మార్క్ దాని యజమానులదని, వారితో మీకు ఏ అనుబంధమూ లేదని రాయండి. అడుగున చిన్న అక్షరాల్లో పెడితే ఎవరూ చదవరు. ఆ వాక్యం ఉన్నంత మాత్రాన చెడ్డ పేరు మంచిదైపోదు కానీ, మీరు ఇప్పుడు ఎంచుకున్న తరహా పేరుకు అది తోడుగా నిలుస్తుంది. బిల్లు మీద అడుగున ముద్రించే వాక్యంలో కూడా వారి పేరు కాకుండా మీ పేరే వచ్చేలా చూసుకోండి. దుకాణదారుడి కొనుగోలుదారులకు వూకామర్స్‌తో పనిలేదు.